రైతు డైరీ రైతు భాషలో ఉండాలి: సేంద్రియ ధ్రువీకరణ సంస్థలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఆఫీసులు పెట్టుకున్న సేంద్రియ ధ్రువీకరణ సంస్థల వారికి,
ఆ సర్టిఫికెట్ల మీద విదేశాలకు సరుకు పంపే కంపెనీల వారికి,

నమస్కారం.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. 2012 నుంచి 2019 దాకా నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు, నువ్వులు పండించే ఒక రైతుల గ్రూపులో ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. ఆ ఏడేళ్లలో మీ ఆడిటర్లు తిరగేసి, టిక్కులు పెట్టి, కింద సంతకం చేసిన రైతు డైరీల్లో, అంటే పొలంలో ఏ పని ఎప్పుడు చేశారో రైతు రాసి పెట్టాల్సిన నోటుబుక్కుల్లో, చాలావాటిని రాసింది రైతులు కాదు, నేను. ఆడిట్‌కు వారం రోజుల ముందు ఆర్మూర్‌లో అద్దె గదిలో కూర్చుని మూడు రంగుల పెన్నులతో రాసేదాన్ని. ఒక రైతుకు నీలం సిరా, పక్క రైతుకు నలుపు. కొన్నింట్లో కావాలనే అక్షరాలు వంకరగా రాసేదాన్ని. కింద వేలిముద్రో, వణికే చేతి సంతకమో ఒక్కటే రైతుది.

ఎందుకు చేశానంటే, డైరీ ఇంగ్లిషులో ఉండాలి కాబట్టి. రైతుకు ఇంగ్లిషు రాదు కాబట్టి. ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయమే ఇది. ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. మేం ముగ్గురం కలిసి చర్లపల్లిలో చిన్న క్లీనింగ్, గ్రేడింగ్ యూనిట్ నడుపుతున్నాం. ఎగుమతి కంపెనీలకు జాబ్‌వర్క్ చేస్తాం. సర్టిఫికెట్ వల్ల నాకు కూడా నాలుగు రూపాయలు వస్తున్నాయి. కాబట్టి ఈ లేఖ బయటి మనిషి రాస్తున్న ఆరోపణ అనుకోకండి.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. మన దేశం నుంచి ఆర్గానిక్ పేరుతో సరుకు బయటికి వెళ్లాలంటే ఎన్‌పీఓపీ, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నిబంధనల కింద ధ్రువీకరణ ఉండాలి. 2001లో మొదలైన ఈ కార్యక్రమాన్ని వాణిజ్య శాఖ కింద ఉండే ఎగుమతుల సంస్థ అపెడా చూస్తుంది. అపెడా నేరుగా పొలానికి రాదు. గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థలు వస్తాయి. పెద్ద కమతమైతే సొంతంగా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. రెండెకరాల రైతు ఆ ఫీజు భరించలేడు కాబట్టి గ్రూపుగా తీసుకుంటారు. నేను పనిచేసిన రోజుల్లో గ్రూపులో 25 మందికి తగ్గకూడదు, 500కు మించకూడదు. గ్రూపు లోపల మాలాంటి ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్లు ఏడాదికి రెండుసార్లు ప్రతి పొలం చూసి రాస్తారు. బయటి నుంచి వచ్చే మీ ఆడిటర్ అందరి పొలాలూ చూడడు. ఎంత మందిని చూడాలో వర్గమూలం లెక్క ఉండేది. 400 మంది ఉంటే వర్గమూలం 20. రిస్కు మధ్యస్థంగా ఉందనుకుంటే దాన్ని 1.2తో గుణించేవారు. అంటే 24 మంది. మిగతా 376 మంది సంగతి మా కాగితాలు చెప్పాలి. ఆ కాగితాలు మా పెన్నులు చెప్పిందే చెప్పేవి.

అందుకే డైరీ చిన్న విషయం కాదని అంటున్నాను. విదేశంలో కొనేవాడి నమ్మకం అంతా చివరికి వచ్చి నిలబడేది ఆ నోటుబుక్కు మీద.

ఆ డైరీలో ఏం పోయేదో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు చూసింది నా అనువాదాన్నే తప్ప అసలును కాదు. పసుపు ఎప్పుడు పెట్టావని అడిగితే రైతు "మిరుగు ఎల్లినంక నాలుగొద్దులకు" అనేవాడు. మృగశిర కార్తె జూన్ రెండో వారంలో మొదలై రెండు వారాలు ఉంటుంది. వెళ్లాక నాలుగు రోజులంటే దాదాపు జూన్ 25. నేను 25 అని రాసేదాన్ని. పక్క ఆసామి "మిరుగుల్నే" అంటే దానికీ ఒక తేదీ పుట్టించేదాన్ని. పొలం ఎంత అంటే "రెండెకరాల పది గుంటలు" అనేవాడు. డైరీలో 0.91 హెక్టార్లు. ఆ 0.91 తన పొలమేనని ఏ రైతూ గుర్తుపట్టలేడు. జీవామృతం ఎట్లా చేశావంటే పేడ పది కిలోలు, మూత్రం పది లీటర్లు, బెల్లం, పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి, రెండు వందల లీటర్ల డ్రమ్ము అని వరసగా చెప్పేవాడు. అదంతా నా చేతిలో ఒక ఇంగ్లిషు మాట అయ్యేది, ద్రవ ఎరువు అని. బెల్లం దొరకని నెలలో ఏం వేశాడో, పేడ ఎవరి కొట్టం నుంచి తెచ్చాడో, ఆ కొట్టంలో పశువులకు ఏ దాణా పెడుతున్నారో, నిజంగా ఆడిటర్‌కు కావాల్సిన సమాచారం అంతా ఆ ఒక్క మాట కింద మునిగిపోయేది.

ఇంకో సంగతి. నిజామాబాద్, జగిత్యాల ఊళ్లలో పట్టాదారు పేరు ఒకరిది, సేద్యం ఇంకొకరిది. మగాయన దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. దుక్కి దున్నించేది, కలుపు తీయించేది, మందు కొట్టాలా వద్దా అని తేల్చేది ఆయన భార్య. ఒప్పందం మీద, డైరీ మీద, శిక్షణ హాజరు పట్టీ మీద మాత్రం ఆయన పేరే. ఒకసారి మీ ఆడిటర్ ఒకాయన ఇంటికి వెళ్లి "రైతు ఎక్కడ?" అని అడిగాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఎదురుగానే నిలబడి ఉంది. "దుబాయిల ఉన్నడు సారు" అంది. ఆయన రైతు అందుబాటులో లేడు అని రాసుకున్నాడు.

యూరియా సంచి కథ కూడా చెప్పాలి. ఒక ముసలాయన ఇంటి వసారాలో గోడ మేకుకు పాత యూరియా సంచి వేలాడుతోంది. ఆడిటర్ ఫోటో తీసుకున్నాడు. నిషిద్ధ ఎరువు వాడిన ఆనవాలు అని లోపం రాశాడు. నిజానికి ఆ సంచి ఆయన కొప్పెర. సంచి ఒక మూలను లోపలికి మడిచి తల మీద వేసుకుంటే వాన తడవకుండా ఉంటుంది. మా దిక్కున ప్రతి ఇంట్లో ఉంటుంది. నేను చెప్పబోతే "కాగితం మీద వివరణ ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను, ఇంగ్లిషులో, ఒకటిన్నర పేజీ. కొప్పెర అనే మాటకు ఇంగ్లిషు దొరక్క సగం రోజు పోయింది. ఆ ముసలాయనకు తన మీద ఏం రాశారో, నేను ఏం జవాబిచ్చానో ఈనాటికీ తెలియదు. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు, ఆడిటర్‌నూ పూర్తిగా తప్పుపట్టలేను. రోజుకు ఏడెనిమిది పొలాలు తిరగాలి, సాయంత్రానికి రిపోర్టు పెట్టాలి. పైగా ఆయన తిరుగుడుకు డబ్బు కట్టేది ఆయన ఎవరిని పరీక్షిస్తున్నాడో వాళ్లే. ఈ చిక్కు ప్రపంచమంతా ఉన్నదే, దాన్ని విప్పడం నా వల్ల కాదు, వదిలేస్తున్నాను.

ఇప్పుడు నన్ను ఈ లేఖ రాయించిన సంఘటనకు వస్తాను.

2018లో మా గ్రూపు పసుపు జర్మనీకి పోవాలి. శాంపిల్‌లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు అవశేషం బయటపడింది. కిలోకు 0.03 మిల్లీగ్రాములు. ఆర్గానిక్ సరుకు కొనే యూరప్ వ్యాపారులు ఎక్కువగా పట్టి చూసే గీత 0.01. ఈ లెక్క ఎంత సన్ననిదో చెబితే నమ్మబుద్ధి కాదు. 100 టన్నుల పసుపులో ఒక్క గ్రాము మందు ఉంటే 0.01 అవుతుంది. మాది మూడు గ్రాముల లెక్క. అయినా గీత గీతే. అది దాటామని కొనేవాడు వద్దన్నాడు, నేను కాదనను. డబ్బు పెట్టి ఆర్గానిక్ కొనే తల్లి తన బిడ్డ పాలలో కలిపే పసుపు గురించి అంత పట్టింపుగా ఉండటంలో తప్పేముంది?

తర్వాత జరిగిందే తప్పు. ల్యాబ్ రిపోర్టు ధ్రువీకరణ సంస్థ నుంచి కంపెనీకి ఇ-మెయిల్‌లో వచ్చింది. కంపెనీ నుంచి మా మేనేజర్‌కు వచ్చింది. ఆ శాంపిల్ లాటులో సరుకు పోసిన 31 మంది రైతులను పక్కన పెట్టారు. ఈ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్పాలన్నది ఎక్కడా రాసి లేదు. బండి వస్తుందని పసుపు సంచులు వాకిట్లో పేర్చుకుని కూర్చున్నారు. బండి రాలేదు. వాళ్లే ఫోన్లు చేశారు. చివరికి నేను వెళ్లాను. ఎనభై ఏళ్లకు దగ్గర పడిన ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ పోయించి, "బిడ్డా, మేం ఏం తప్పు చేసినమో జర్ర చెప్పు, మల్ల చెయ్యం" అన్నాడు. నా దగ్గర ఆరు పేజీల ఇంగ్లిషు రిపోర్టు ఉంది. అందులో ఆయన పేరు లేదు, ఒక కోడ్ నంబరు ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఆ రోజు నా దగ్గర ఆయనకు చెప్పడానికి జవాబు లేదు.

జవాబు మూడు నెలల తర్వాత దొరికింది, అదీ ఆడిట్‌లో కాదు. పసుపు తవ్వాక ఉడకబెట్టి, ఎండబెట్టి, తిరిగే డ్రమ్ములో వేసి పాలిష్ పట్టిస్తారు. డ్రమ్ము అద్దెకు వస్తుంది. ఆ ఏడాది ఆ డ్రమ్ము మా ఊరికి రాక ముందు పక్క ఊళ్లో మందులు కొట్టిన మామూలు పసుపు పట్టింది. కడగకుండా తెచ్చారు. ఈ మాట నాకు చెప్పింది డ్రమ్ము ట్రాక్టర్ నడిపే పిల్లవాడు, మాటల మధ్య యథాలాపంగా. రైతులకు ముందే తెలుసు, డ్రమ్ము పక్క ఊరి నుంచి వచ్చిందని. అది అవశేషానికి సంబంధించిన విషయమని మాత్రం తెలియదు. డైరీలో "పాలిష్ డ్రమ్ము ఎవరిది, ముందు ఎక్కడ నడిచింది, కడిగారా" అని తెలుగులో ఒక గీత గీసి ఉంటే, రైతు చేత్తో రాసుకునే అలవాటు ఉంటే, ఆ ప్రశ్నే వాళ్లను కాపాడేది. నేను ఆర్మూర్ గదిలో కూర్చుని రాసిన 31 డైరీల్లోనూ పాలిష్ వివరాల దగ్గర ఒకే వాక్యం ఉంది, శుభ్రమైన యంత్రంతో చేశారు అని. అది నేను కల్పించిన వాక్యం.

ఆ పసుపు నిజామాబాద్ యార్డులో మామూలు పసుపుగా అమ్ముడైంది. గ్రూపు సర్టిఫికెట్ రైతు చేతిలో ఉండదు కదా. ఇంకో ఆర్గానిక్ కొనుగోలుదారు దగ్గరికి వెళ్దామన్నా అమ్మే సరుకుకు ఇచ్చే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ గ్రూపు పేరు మీదే రావాలి. మూడేళ్లు మందు ముట్టకుండా నేలను సాకిన రైతు, ఆ నేల ఆర్గానిక్ అని తనంతట తాను ఎవరికీ రుజువు చేయలేడు.

రైతు పొలంలో జరగని దానికి రైతు నష్టపోవడం మా ఒక్క గ్రూపు కథ కాదు. 2020లో యూరప్‌కు వెళ్లిన మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికింది. అది పొలంలో కొట్టే మందు కాదు. గోదాముల్లో, ప్రాసెసింగ్‌లో సూక్ష్మజీవులను చంపడానికి వాడే వాయువు. యూరప్‌లో ఆహారానికి దాన్ని వాడనివ్వరు. ఆ ఏడాది చివరి నుంచి భారత నువ్వుల సరుకులో సగం దాకా సరిహద్దులో పరీక్షించే ఏర్పాటు పెట్టారు. 2021లో యూరోపియన్ కమిషన్ మన దేశంలో పనిచేసే ఐదు ధ్రువీకరణ సంస్థలను తమ గుర్తింపు నుంచి తీసేసింది. వాటి కింద ఉండి యూరప్‌కు సరుకు పంపే గ్రూపులు మరో సంస్థను వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఏడాది జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ మన అపెడా గుర్తింపు ఉన్న సంస్థల సర్టిఫికెట్‌ను ఒప్పుకునే ఏర్పాటును ముగిస్తున్నట్టు ప్రకటించింది. 2022 జూలైతో గడువు అయిపోయింది. అమెరికాకు పంపాలంటే వాళ్ల సేంద్రియ కార్యక్రమం ఎన్‌ఓపీ కింద నేరుగా వేరే సర్టిఫికెట్ కావాలి. రెండు మార్కెట్లకు రెండు ఆడిట్‌లు, రెండు ఫీజులు, రెండు కట్టల కాగితాలు. పొలం ఒక్కటే, రైతూ ఒక్కడే.

ఈ మార్పుల గురించి హైదరాబాద్‌లో మీటింగులు బాగానే జరుగుతాయి. ఈమధ్య మాదాపూర్‌లో ఒక హోటల్లో జరిగినదానికి నేనూ వెళ్లాను. నిర్మల్ వైపు నుంచి రైతులను బస్సులో తెచ్చి చివరి వరసల్లో కూర్చోబెట్టారు. యూరప్ కొత్త చట్టం 2018/848 మీద స్లైడ్లు నడిచాయి. అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. గ్రూపుకు చట్టబద్ధ హోదా ఉండాలని, సభ్యులు రెండు వేలకు మించకూడదని, ఇంకా చాలా చెప్పారు. అంతా ఇంగ్లిషే. చాయ్ విరామంలో ఒక రైతు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ తెర మీద మా గురించేనా?" అని అడిగాడు. మీ గురించే అన్నాను. "మంచిగనా, చెడ్డగనా?" అన్నాడు. దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భోజనం మాత్రం బాగుంది, అది చెప్పుకోవాలి.

మీ దగ్గర తయారుగా ఉండే జవాబులు నాకు తెలుసు. నేనే ఒకప్పుడు అవే చెప్పేదాన్ని.

మొదటిది, యూరప్ వాళ్లకు తెలుగు రాదు కదా అంటారు. రాదు. కానీ పొలానికి వచ్చే ఆడిటర్లలో నేను చూసినవాళ్లందరూ ఇక్కడివాళ్లే. సగం మందికి తెలుగే మాతృభాష. మిగతావాళ్లు కన్నడం, తమిళం, మరాఠీ. తెలుగు డైరీ చదివి ఇంగ్లిషులో రిపోర్టు రాయడం వాళ్లకు కష్టం కాదు. అనువాదం చేయాల్సిన భారం చదువుకున్న ఆడిటర్ మీద ఉండాలా, చదువురాని రైతు మీద ఉండాలా? ఇంకో విషయం చూడండి. భూమి రుజువుకు మీరు పట్టాదారు పాస్ పుస్తకం అడుగుతారు, పహాణీ అడుగుతారు. అవి తెలుగులోనే ఉంటాయి. మీరు జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటారు. ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. సర్కారు రాసిన తెలుగు చెల్లుతుంది, రైతు రాసిన తెలుగు చెల్లదా?

రెండోది, నిబంధన ఒప్పుకోదు అంటారు. ఇది అసలు నిజం కాదు. గ్రూపు అంతర్గత ప్రమాణాలను స్థానిక భాషలో తయారు చేయాలని, చదువు రాని రైతులుంటే బొమ్మలతో వివరించాలని ఎన్‌పీఓపీ పుస్తకంలోనే ఉంది. 2014 నాటి ఏడో ఎడిషన్ తీసి చూడండి. నేను ఏడేళ్లు ఆ పని చేసి కూడా ఆ వాక్యాన్ని చదివింది ఉద్యోగం మానేశాకే. సిగ్గుపడుతూ చెబుతున్నాను. 2025 జనవరి 9న ఢిల్లీలో ఎనిమిదో ఎడిషన్ విడుదల చేసినప్పుడు రైతుల గ్రూపులకే చట్టబద్ధ హోదా ఇస్తున్నామన్నారు. మంచిదే. గ్రూపు రైతులదే అయితే, తమ సొంత గ్రూపు కాగితాలు చదువుకోలేని యజమానులు ఎక్కడైనా ఉంటారా?

మూడోది, రైతులు రాయరు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. రోజంతా చేలో వంగి పనిచేసిన మనిషి రాత్రికి నోటుబుక్కు పట్టడు. కానీ ఏడో తరగతి చదివే మనవరాలు రాస్తుంది. పాల కేంద్రంలో లీటర్ల లెక్క, మహిళా సంఘంలో పొదుపు లెక్క, కిరాణా కొట్టు ఖాతా, ఇవన్నీ మా ఊళ్లలో తెలుగులో రాసుకుంటూనే ఉన్నారు. సంఘం పుస్తకాల్లో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటికైనా ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని తేలుస్తారు. వాళ్లకు రాయడం రాక కాదు. మీ డైరీ వాళ్లది కాదు, అంతే. రాయలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడి పెడతారు. అదీ రికార్డే.

నేను అడిగేవి ఎక్కువ లేవు. డైరీ తెలుగులో ఉండాలి, ఎకరాలు గుంటల్లో ఉండాలి. కార్తె పేరు రాస్తే చాలు, తేదీ దాని పక్కన మీ మనిషి వేసుకోవాలి. లోపం రాసినా, శాంపిల్ ఫలితం వచ్చినా, సస్పెండ్ చేసినా ఒక పేజీ తెలుగు కాగితం నేరుగా ఆ రైతు చేతికి అందాలి. కంపెనీకి పంపాం, వాళ్లు చెబుతారు అంటే కుదరదు. అందులో ఏం దొరికింది, ఎంత దొరికింది, ఎక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు, జవాబు చెప్పుకోవడానికి ఎన్ని రోజులు ఉన్నాయి అని ఉండాలి. యూరప్ చట్టం కూడా అవశేషం కనబడగానే సరుకును ఆపి విచారణ చేయమంటుంది. విచారణ అంటే రైతును అడగటం కూడా కదా. ఇక ఒప్పందం మీద పట్టాదారు పేరుతో పాటు సేద్యం చేసే మనిషి పేరు కూడా ఉండాలి. దుబాయ్‌లో ఉన్నాయన పొలంలో పనిచేస్తున్న ఆమె రైతే అని మీ కాగితం ఒప్పుకోవాలి.

ఆ మాట వచ్చింది కాబట్టి కౌలు రైతుల సంగతి కూడా. దీనికి నా దగ్గర సులువైన మందు లేదు. పసుపు, నువ్వుల లాంటి పంటలకు నేల రసాయనాలకు దూరంగా రెండేళ్లు ఉండాలి. అమెరికాకైతే కోతకు ముందు 36 నెలలు. మన దగ్గర కౌలు నోటి మాట మీద, అదీ ఏడాదికే. మొదటి ఏడు ఆర్గానిక్ చేసి నేలను కాస్త బాగుచేస్తే, రెండో ఏడు ఆసామి కౌలు పెంచుతాడు, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తాడు. భూ రికార్డులకు ధరణి పోర్టల్ ఉన్న రోజుల్లో సాగుదారు కాలమ్ కూడా తీసేశారు. అంటే కౌలు రైతు ఎంత నిజాయితీగా పండించినా మీ సర్టిఫికెట్‌కు దారి లేదు. మూడేళ్ల రాతపూర్వక కౌలు ఒప్పందానికి ఎగుమతి కంపెనీలు ఆసామికి కొంత హామీ ఇవ్వగలవేమో ఆలోచించండి. మీకు సరుకు కావాలి కదా.

కొందరు మిత్రులు, ఇంత గొడవ ఎందుకు, పీజీఎస్ ఉంది కదా అంటారు. రైతులు ఒకరి పొలం ఒకరు చూసుకుని పూచీ పడే పద్ధతి అది. మన దగ్గర జహీరాబాద్ వైపు ఆ దారిలో చాలా పని జరిగింది. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. కాగితాలు రైతుల భాషలోనే ఉంటాయి. కానీ పీజీఎస్ సర్టిఫికెట్ మన దేశంలో అమ్ముకోవడానికి పనికొస్తుంది, ఎగుమతికి చెల్లదు. 2015 నుంచి నడుస్తున్న పరంపరాగత్ కృషి వికాస్ యోజన అనే కేంద్ర పథకం కింద పీజీఎస్‌లో చేరిన రైతుల్లో చాలామందికి ఈ తేడా తెలియదు. చేతిలో సర్టిఫికెట్ పట్టుకుని హైదరాబాద్ వచ్చి ఎగుమతి కంపెనీల చుట్టూ తిరిగినవాళ్లను నేను చూశాను. అదెక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆ కాగితం మీదే తెలుగులో ఒక వాక్యం రాసి ఉంటే బస్సు చార్జీలైనా మిగిలేవి.

కంపెనీల వారికి విడిగా ఒక మాట. యూరప్‌కు పోయే ఆర్గానిక్ సరుకుకు తనిఖీ సర్టిఫికెట్ సరుకు మన దేశం దాటక ముందే పుట్టాలి. అది ఆలస్యమై సనత్‌నగర్ డిపోలో కంటైనర్ నిలిచిపోతే మీకు ఎంత టెన్షన్ పడుతుందో నాకు తెలుసు. మా యూనిట్‌కు రాత్రి పదకొండింటికి ఫోన్లు చేస్తారు. రోజుకింత అని అద్దె పెరుగుతుంది. కాగితం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పకపోతే ఎలా ఉంటుందో మీకు అనుభవమే. ఆ 31 మంది వాకిళ్లలో పసుపు సంచులు పదహారు రోజులు ఉన్నాయి.

నేను ఊరికే అడగడం లేదు. మా పాత గ్రూపులోని ఇద్దరు పిల్లలు, నేను కలిసి డైరీని తెలుగులో తయారు చేశాం. పదకొండు పేజీలు. పసుపుకు ఒకటి, నువ్వులకు ఒకటి. బొమ్మలు వేసింది ఆర్మూర్‌లో పదో తరగతి చదివే అమ్మాయి. పాలిష్ డ్రమ్ము బొమ్మ పక్కన "ఇది ముందు ఎక్కడ తిరిగింది?" అని రాసి ఉంటుంది. కొప్పెర బొమ్మ కూడా ఉంది. పోయిన వానాకాలం నుంచి పద్దెనిమిది ఇళ్లలో అది నడుస్తోంది. అందులో నాలుగు ఇళ్లలో మధ్యలో మానేశారు. రెండు ఇళ్లలో ఒకే రోజు మూడు నెలలవి రాశారు, సిరా చూస్తే తెలిసిపోయింది, ఆ విద్యలో నాకు అనుభవం ఉంది కదా. మిగతా పన్నెండింటిలో నిజమైన రాత ఉంది. ఒకావిడ "ఇయ్యాల పక్క పత్తి చేన్ల మందు కొట్టిండ్రు, గాలి మా దిక్కే ఉండె" అని రాసింది. ఆ ఒక్క వాక్యం నేను ఏడేళ్లలో రాసిన డైరీలన్నిటి కంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ పదకొండు పేజీలను ఏ సంస్థ అయినా ఉచితంగా వాడుకోవచ్చు. మా పేర్లు వేయనక్కర్లేదు. తప్పులుంటే దిద్దండి, మీ నిబంధనకు కావాల్సిన గీతలు కలపండి. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకం మొదలవుతుంది. మీ ఆడిటర్లు ఆ లోపే ఊళ్లకు వస్తారు. ఆ డైరీ నడుస్తున్న ఇళ్లలో ఈసారి ఇంగ్లిషు డైరీ ఉండదు. తెలుగుదే చూపిస్తారు. వద్దంటే ఎందుకు వద్దో ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో మీరే చెప్పండి.

ఇట్లు,
ఒకప్పటి ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్,
చర్లపల్లి, హైదరాబాద్